ఏడవ ఎడ్వర్డు: కోటు, చుట్ట, కిరీటము

రాజుల జీవితచరిత్రలలో యుద్ధములకును, సంధులకును, శాసనములకును అగ్రస్థానము దక్కుట పరిపాటి. కాని కొందరు రాజులు తమ శాసనములకంటె తమ అలవాట్లచేతనే లోకమును ఎక్కువగా మార్చిరి. 1901 మొదలు 1910 వరకు బ్రిటిషు సామ్రాజ్యమునకు అధిపతియైన ఏడవ ఎడ్వర్డు అట్టివారిలో నొకడు. ఆయన సంతకము చేసిన ఆజ్ఞాపత్రములు దస్తరములలో నిద్రించుచున్నవి. ఆయన తొడిగిన కోటు మాత్రము నేటికిని లోకములో తిరుగుచున్నది. రాత్రి విందునకు నల్లని పొట్టికోటు తొడుగుకొని పోవు పెద్దమనిషియు, కోటు అడుగు బొత్తామును పెట్టుకొనక వదలివేయు ఉద్యోగియు తమకు తెలియకుండగనే ఆయన అడుగుజాడలలో నడచుచున్నారు. మంచి బట్ట, మంచి చుట్ట అను రెంటియందును ఆయనకు గల అభిరుచి జగద్విదితము. ఆ అభిరుచి వెనుక 59 సంవత్సరముల నిరీక్షణ దాగియున్నదనుట మాత్రము అంతగా ఎవరును తలచుకొనరు.

ఆల్బర్ట్ ఎడ్వర్డు 1841 నవంబరు 9వ తేదీన లండనులోని బకింగ్‌హాం రాజభవనమున జన్మించెను. విక్టోరియా రాణికిని, ఆమె భర్తయగు ఆల్బర్ట్ ప్రభువునకును ఆతడు రెండవ సంతానము, జ్యేష్ఠపుత్రుడు. ఇంటివారు ఆతనిని బర్టీ అని పిలిచెడివారు. పుట్టిన నెలనాళ్లకే వేల్సు యువరాజ బిరుదము లభించెను. తండ్రి క్రమశిక్షణాపరుడు, విద్వాంసుడు. కుమారుని లోపములేని ప్రభువుగా తీర్చిదిద్దవలెనని తలంచి, ఉదయము మొదలు సాయంకాలము వరకు పాఠములతో నిండిన దినచర్యను ఏర్పరచెను. తోటి బాలురతో స్వేచ్ఛగా ఆడుకొను భాగ్యము ఆ బాలునికి లేకపోయెను. చదువు ఒంటబట్టలేదు. తల్లిదండ్రుల నిరాశ పెరిగిన కొలది పాఠముల భారమును పెరిగెను గాని తగ్గలేదు.

అయినను బట్టల విషయమున ఆతని ప్రభావము శైశవముననే ఆరంభమయ్యెను. 1846లో రాజనౌకపై ప్రయాణము చేయు సందర్భమున నాలుగేండ్ల ఆ బాలునికి నావికుల దుస్తుల నమూనాలో చిన్న ఉడుపును కుట్టించిరి. వింటర్‌హాల్టర్ అను చిత్రకారుడు ఆ వేషముననే ఆతని చిత్రమును వ్రాసెను. క్రమముగా ఐరోపా అంతటను పిల్లలకు నావికుల దుస్తులు తొడుగుట వాడుకలోనికి వచ్చెను. ఆతడు పెద్దవాడగుచుండగా తల్లి ఆతనికొక లేఖ వ్రాసెను. వస్త్రధారణ స్వల్పవిషయమే అయినను, మనిషి గుణమును లోకము మొదట ఆతని దుస్తులనుబట్టియే అంచనా వేయునని అందలి సారాంశము. ఆమె చెప్పిన మాటలలో కుమారుడు జీవితాంతము శ్రద్ధగా పాటించినది బహుశః ఇదియొక్కటియే.

1860లో యువరాజు కెనడాను, అమెరికా సంయుక్త రాష్ట్రములను దర్శించెను. అచటి ప్రజలు ఆతని సరసత్వమునకు ముగ్ధులైరి. పుస్తకములయందు మందుడని పేరుపడిన యువకుడు మనుష్యుల నడుమ నిలిచినప్పుడు మిగుల నేర్పరియని ఆ యాత్ర నిరూపించెను. కాని మరుసటియేడే పిడుగు పడెను. ఐర్లండులోని సైనిక శిబిరమున శిక్షణ పొందుచున్నప్పుడు ఆతనికొక నటితో సంబంధము కలిగినదను వార్త తండ్రి చెవిని పడెను. అప్పటికే అస్వస్థుడుగా నున్న తండ్రి కేంబ్రిడ్జికి పోయి కుమారుని మందలించి వచ్చెను. కొలది దినములకు జ్వరముతో మంచము పట్టి 1861 డిసెంబరు 14వ తేదీన మరణించెను. ఆ మరణమునకు కుమారుని దుష్ప్రవర్తనయే కారణమని విక్టోరియా నమ్మెను. ఆ నమ్మకము తల్లీకుమారుల నడుమ గోడయై చిరకాలము నిలిచిపోయెను.

1863 మార్చి 10వ తేదీన డెన్మార్కు రాజకుమారియగు అలెగ్జాండ్రాతో ఆతని వివాహము జరిగెను. లండనులో మార్ల్‌బరో గృహము, నార్‌ఫక్ మండలమున సాండ్రింగ్‌హాం ఎస్టేటు ఆతని నివాసములయ్యెను. ఇల్లు, ఆలి, ధనము అన్నియు అమరినవి. లేనిది పని యొక్కటియే. రాణి వైధవ్యదుఃఖమున జనమునకు దూరమై యుండియు అధికారమును లేశమైనను వదలలేదు. కుమారుడు రహస్యములను దాచలేడని తలంచి ప్రభుత్వపత్రములను చాలకాలము ఆతని కంట పడనీయలేదు. శంకుస్థాపనలు, ప్రారంభోత్సవములు, విందులు మాత్రము ఆతని పాలబడినవి. రాజ్యము లేని యువరాజు తనకొక రాజ్యమును తానే కల్పించుకొనెను. అందు దర్జీలు మంత్రులు, విందుశాల సభామందిరము, చుట్టపొగ ధ్వజపతాక.

లండనులో సావిల్ రో అను చిన్న వీధి కలదు. పురుషుల దుస్తులు కుట్టుటయందు ఆ వీధికి సాటి లేదని ప్రతీతి. 1846లో తండ్రి దుకాణమునకు వారసుడైన హెన్రీ పూల్ అను దర్జీ ఆ వీధికి ఖ్యాతి తెచ్చినవారిలో ముఖ్యుడు. యువరాజు ఆతనికి పోషకుడయ్యెను. అచటి పనితీరు గమనింపదగినది. తొడుగుకొనువాని కొలతలను పుస్తకమున వ్రాసికొని, ఆతనికొరకే కాగితముపై ఆకృతి గీసి, దాని ప్రకారము బట్టను కత్తిరింతురు. మొదట కచ్చాకుట్టు వేసి, తొడిగించి చూచి, విప్పి, సరిదిద్ది మరల కుట్టుదురు. రొమ్ముభాగమున లోపల నారబట్టను సూదితో కుట్టి అమర్చుటచే కోటు ఒడలికి అంటుకొనక, వ్రేలాడక, తీర్చినట్లు నిలుచును. యార్క్‌షైరు ఉన్నిబట్టయు, స్కాట్లండు ట్వీడును ఈ పనికి మూలద్రవ్యములు. మంచి కోటు తన్ను తాను చూపుకొనదు, తొడిగినవానిని చూపును. ఆంగ్లేయుల వస్త్రకళకు ఇదియే మర్మము.

ఆ కాలమున గొప్పయింటి పురుషుడు రాత్రి భోజనమునకు వెనుక పొడవైన తోకలుగల కోటును తొడుగుకొనవలయుననుట కఠిననియమము. 1865లో యువరాజు సాండ్రింగ్‌హాంలో ఆప్తులతో భోజనము చేయునప్పుడు తొడుగుకొనుటకై తోకలులేని నీలపు పొట్టికోటునొకదానిని కుట్టించుకొనెనని పూల్ దుకాణపు లెక్కలు చెప్పుచున్నవని ఆ సంస్థవారందురు. అదియే డిన్నరు జాకెట్టునకు మూలమని వారి వాదము. తరువాత రెండు దశాబ్దములకు అది అట్లాంటిక్ సముద్రమును దాటెను. న్యూయార్కు సమీపమునందలి టక్సిడో పార్కు క్లబ్బు సభ్యులు దానిని తొడుగుకొనుటచే అమెరికావారు దానికి టక్సిడో అని పేరు పెట్టిరి. దీనియందు గుర్తింపవలసిన విషయమొకటి కలదు. ఆయన చేసిన మార్పులన్నియు ఒక్క దిక్కునకే నడచినవి. బిగువునుండి వెసులుబాటునకు, ఆడంబరమునుండి సౌకర్యమునకు అవి దారితీసినవి. బాల్యమంతయు బిగించి కట్టబడినవాడు ప్రాయమున వదులైన కోటును కోరుకొనుటలో వింతయేమున్నది?

చుట్ట విషయమును అట్టిదే. విక్టోరియా రాణికి పొగ యనిన పరమ అసహ్యము. ఆమె భవనములలో పొగత్రాగగోరువారు మారుమూల గదులను వెదకికొనవలసివచ్చెడిది. లండను క్లబ్బులలోను పొగకు కట్టుబాట్లుండెను. వైట్స్ అను పురాతనమైన క్లబ్బులో ప్రధానమైన గదియందు చుట్టలు కాల్చుటకు అనుమతి నీయవలెనని యువరాజు వర్గమువారు కోరగా వృద్ధసభ్యులు నిరాకరించిరి. అంతట 1869లో యువరాజు తన మిత్రులకై మార్ల్‌బరో క్లబ్బును స్థాపించెను. అందు పొగకు అడ్డులేదు. తల్లి మాటకు ఎదురాడలేని కుమారుడు పొగ రూపమున ఎదురు చెప్పెననవచ్చును.

ఆయన మనసుపడిన చుట్టలు క్యూబా దీవినుండి వచ్చినవి. ఆ దీవి పశ్చిమభాగమున పినార్ డెల్ రియో మండలమునందు వుయెల్తా అబాహో అను ఎఱ్ఱమట్టి నేల కలదు. గోదావరి లంకలలో పండిన పొగాకు రుచి మెట్టనేలలలో దొరకదని మనవారెట్లు చెప్పుదురో, ఆ నేల పొగాకు వేరొకచోట పండదని క్యూబావారును అట్లే చెప్పుదురు. హవానా చుట్టలో మూడు భాగములు కలవు. లోపల కూర్చిన ఆకు రుచినిచ్చును, నడిమి ఆకు దానిని బంధించును, పట్టువంటి పై ఆకు అందమును సువాసనను ఇచ్చును. ఆకును ఆరవేసి, కుప్పలుపోసి పులియబెట్టి, నెలల తరబడియు ఏండ్ల తరబడియు మాగనిచ్చిన పిమ్మటగాని చుట్టరి చేతికీయరు. చుట్టిన పిదప సెడారు కొయ్యపెట్టెలలో భద్రపరతురు. 1865 నుండి హవానా కర్మాగారములలో చదువరి యొకడు ఎత్తైన పీఠముపై కూర్చుండి పనివారికి వార్తాపత్రికలను, నవలలను చదివి వినిపించు ఆచారము మొదలయ్యెను. ఆ చదువరికి వేతనమును పనివారే చందాలు వేసికొని ఇచ్చెడివారు. ఇంత సొగసు వెనుక వేరొక సత్యమును కలదు. ఆనాడు క్యూబా స్పెయిను అధీనమున నుండెను. అచట బానిసత్వము 1886 వరకు పూర్తిగా తొలగలేదు. లండను విందుశాలలో తేలిన పరిమళమునకు ఎచటనో ఎవరో స్వేదము చిందించిరనుట మరువరాదు.

1875 అక్టోబరులో యువరాజు సెరాపిస్ అను నౌకపై భారతదేశమునకు బయలుదేరెను. దారిలో ఎండవేడిమికి తట్టుకొనలేక నౌకపై భోజనమునకు పొట్టి నీలపుకోటు, నల్లని పంట్లాము, నల్లని మెడకట్టు తొడుగుకొనుటకు తన పరివారమునకు అనుమతి నిచ్చెను. ఉష్ణదేశపు యాత్రయే ఆ కోటునకు గౌరవమర్యాదలను కల్పించినదని కొందరు చరిత్రకారుల అభిప్రాయము. నవంబరు 8వ తేదీన బొంబాయిలో దిగెను. హైదరాబాదు నిజాము మీర్ మహబూబ్ అలీఖాను అప్పటికి పసివాడు. అనారోగ్యకారణమున ఆతడు రాలేకపోగా దివాను సాలార్‌జంగు బొంబాయికి పోయి యువరాజును దర్శించెను. సింహళమునుండి తూత్తుకుడికి వచ్చిన యువరాజు మధుర, తిరుచిరాపల్లిల మీదుగా రైలులో ప్రయాణము చేసి డిసెంబరు 13వ తేదీన మదరాసు చేరెను. తెలుగు జిల్లాలకు ఆనాడు రాజధాని ఆ నగరమే. అటనుండి కలకత్తాకును, ఉత్తరదేశమునకును పోయి 1876 మార్చిలో స్వదేశమునకు మరలెను. సంస్థానాధీశులు ఆతనికి రెండువేలకు పైగా కానుకలు సమర్పించిరి.

ఆ యాత్రలో ఆతడు మెచ్చదగిన పని యొకటి చేసెను. ఆంగ్లేయాధికారులు కొందరు భారతీయులను, తుదకు రాజులను సైతము, తూలనాడుట ఆతడు కన్నులార చూచెను. ఒంటిరంగు వేరైనంతమాత్రమున, మతము వేరైనంతమాత్రమున మనిషిని పశువువలె చూడరాదని ఇంగ్లండునకు లేఖలు వ్రాసెను. మర్యాద యనునది కోటుతో ముగియదని ఆతడు గ్రహించెను. అయినను ఆతడు చూచిన దేశము తోరణములు కట్టిన దేశము. ఆతడు వెడలిన యేడే వానలు తప్పినవి. 1876 మొదలు 1878 వరకు మదరాసు రాష్ట్రమును దహించిన మహాక్షామమున బళ్లారి, కర్నూలు, కడప, నెల్లూరు జిల్లాల రైతులు లెక్కలేనంతమంది నేలకొరిగిరి. ఆ క్షామము సాగుచుండగనే, 1877 జనవరి 1వ తేదీన, ఢిల్లీ దర్బారులో విక్టోరియాను భారతచక్రవర్తినిగా చాటిరి. కానుకల పట్టికను చదువువారు ఈ తేదీలను గూడ ప్రక్కన పెట్టుకొని చదువుట న్యాయము.

ఇంగ్లండులో యువరాజు జీవితము యథాప్రకారము సాగెను. సోమరితనమునకు సహజములైన చిక్కులు ఆతనిని వదలలేదు. జూదమాడు విందులో ఒకడు మోసము చేసెనను అభియోగము న్యాయస్థానమునకు ఎక్కగా, 1891లో యువరాజు స్వయముగా సాక్షిబోనులో నిలువవలసివచ్చెను. పత్రికలు తూర్పారబట్టినవి. కాని బట్టల విషయమున మాత్రము ఆతని మాటకు తిరుగులేకుండెను. జర్మనీలోని హోంబర్గు పట్టణమునుండి తెచ్చిన ఫెల్టుటోపీ, నడినెత్తిన సొట్టయు మడచిన అంచును గలది, ఆతడు పెట్టుకొనగనే లోకమునకు ఫ్యాషనయ్యెను. వేటకు నడుమున పట్టీగల నార్‌ఫక్ కోటును తొడిగెను. పంట్లామునకు ప్రక్కలకు మడత వచ్చునట్లు ఇస్త్రీ చేయించెను. భోజనప్రియుడగుటచే బొజ్జ పెరిగి, వాస్కోటు అడుగు బొత్తాము పట్టకపోగా వదలివేసెననియు, చూచినవారందరును అదియే పద్ధతియని తామును వదలిరనియు ప్రసిద్ధి. కిరీటధారణ నాటికి ఆయన నడుము కొలత 48 అంగుళములని చెప్పుదురు. ఒక మహానుభావుని పొట్ట లోకమునకు నియమమైన ఉదాహరణము మరియొకటి లేదేమో!

తనకు వెసులుబాటు కోరినవాడే ఇతరుల పొరపాట్లను సహింపకపోవుట ఆతని స్వభావమునందలి వింత. పతకము తప్పుచోట తగిలించుకొన్నను, సందర్భమునకు తగని కోటు తొడిగినను గది ఈ చివరనుండి పసిగట్టెడివాడు. ప్రధానమంత్రి సాలిస్‌బరీ ఒకమారు రెండు వేర్వేరు అధికారవేషముల భాగములను కలిపి తొడిగి దర్బారునకు వచ్చెనట. యువరాజు నొచ్చుకొనగా, తన మనస్సు ఆ సమయమున అంతకంటె అల్పమైన విషయముపై నుండినదని ఆ రాజనీతిజ్ఞుడు వినయముగా బదులుచెప్పెనట. ఆ వినయములోని చురుక నాటి సభలో నవ్వు పుట్టించినను, అందు విషాదమును లేకపోలేదు. ప్రధానమంత్రికి రాజ్యమున్నది, యువరాజునకు బొత్తాములున్నవి.

1901 జనవరి 22వ తేదీన విక్టోరియా మరణించెను. నెరసిన గడ్డముతో, 59 ఏండ్ల ప్రాయమున, బర్టీ ఏడవ ఎడ్వర్డు అయ్యెను. ఇక రాజభవనమున విందు ముగిసినంతనే అతిథులు నిస్సంకోచముగా చుట్టలు వెలిగింపవచ్చును. 1902 జూను 26వ తేదీన కిరీటధారణ జరుగవలసియుండగా, రెండు దినములముందు ఉదరమున చీముగడ్డ యేర్పడి ప్రాణాపాయము సంభవించెను. ట్రీవ్స్ అను శస్త్రవైద్యుడు చికిత్సచేసి కాపాడెను. తుదకు ఆగస్టు 9వ తేదీన కిరీటము తలనెక్కెను.

ఆయన పాలన స్వల్పమేయైనను వ్యర్థము కాలేదు. 1903 మే నెలలో ఆయన పారిస్ నగరమునకు పోయినప్పుడు వీథులలోని జనులు ముఖము చిట్లించుకొనిరి. ఇంగ్లండునకును ఫ్రాన్సునకును ఆనాడు ఉప్పునిప్పుగా నుండెను. దశాబ్దములుగా ఫ్రెంచి భాషలో సరసమాడుటకు, నాటకశాలలలో నటీనటులను పేరుపెట్టి పలుకరించుటకు అలవాటుపడిన రాజు కొలది దినములలో ఆ నగరము మనస్సును మార్చివైచెను. మరుసటియేడు, 1904 ఏప్రిల్ 8వ తేదీన, ఉభయదేశములును స్నేహపత్రములపై సంతకములు చేసినవి. ఆ ఒప్పందమును మంత్రులే కుదిర్చిరనుట నిజము. దానికి అనువైన వాతావరణమును కల్పించినది మాత్రము రాజు సౌజన్యమే. జీవితమంతయు వ్యర్థమని తల్లి భావించిన విద్య ఆ వారము అక్కఱకు వచ్చెను.

భారతదేశ విషయమున ఆయన ఔదార్యమునకు హద్దులుండెను. 1909లో సత్యేంద్రప్రసన్న సిన్హాను వైస్రాయి కార్యనిర్వాహకమండలిలో నియమింపదలచినప్పుడు, భారతీయునికి అట్టిపదవి తగదని రాజు గట్టిగా అభ్యంతరము తెలిపి, మంత్రివర్గము పట్టుదలచే అయిష్టముగా అంగీకరించెను. ఆయన పాలనలోనే వంగరాష్ట్ర విభజనము జరిగి స్వదేశీ ఉద్యమము చెలరేగెను. 1907 ఏప్రిల్‌లో బిపిన్ చంద్రపాలుడు విశాఖపట్టణము, కాకినాడ, రాజమహేంద్రవరము, బెజవాడ, బందరులలో ఉపన్యసింపగా తెలుగు యువకులు విదేశవస్త్రములను విసర్జింపబూనిరి. ఏ ఉన్నిబట్ట సొగసు రాజునకు ఆనందమిచ్చెనో, ఆ సీమబట్టనే దాస్యచిహ్నమని ఇచట ద్వేషించిరి. ఒకే వస్త్రమునకు ఒకచోట ఒక అర్థము, మరియొకచోట వేరొక అర్థము.

రోజునకు 12 చుట్టలు, 20 సిగరెట్లు ఆయన నియమమని ప్రసిద్ధి. ప్రాతఃకాల భోజనమునకు ముందు ఒక చుట్టతోను రెండు సిగరెట్లతోను సరిపెట్టుకొనుటయే ఆయన దృష్టిలో మితము. దాని ఫలితముగా ఏటేట ఊపిరితిత్తుల వ్యాధి ముదిరెను. 1910 ఏప్రిల్ చివర ఫ్రాన్సులోని బియారిజ్ నుండి దగ్గుతోనే తిరిగివచ్చి, విశ్రాంతి తీసికొనక రాజకార్యములు చూచెను. మే 6వ తేదీన మిత్రుడైన కాసెల్‌ను చూచుటకై లేచి, చక్కగా దుస్తులు ధరించి కూర్చుండెను. ఆ మధ్యాహ్నము తన గుఱ్ఱము పందెమున గెలిచినదని కుమారుడు చెప్పగా సంతసించెను. ఆ రాత్రి 12 గంటలు కాకమునుపే కన్నుమూసెను. అంత్యయాత్రలో తొమ్మండుగురు రాజులు నడచిరి. వారికి ముందుగా ఆయన పెంపుడుకుక్క సీజరు నడచెను.

ఆయన కాలమున పొగాకు కీడు శాస్త్రసిద్ధముగా తెలియదు. 1950లో డాల్, హిల్ అను పరిశోధకులు సిగరెట్టునకును ఊపిరితిత్తుల క్యాన్సరునకును గల సంబంధమును లెక్కలతో నిరూపించిరి. చుట్టయు నిర్దోషి కాదు. విశాఖ, శ్రీకాకుళము తీరముల అడ్డపొగ త్రాగు స్త్రీలకు అంగిలియందు కలుగు వ్యాధియే దానికి సాక్ష్యము. హవానా పై ఆకు ఎంత సన్ననిదైనను ఈ న్యాయమునకు లోబడియే యున్నది. ఆప్తులను చుట్టును చేర్చిన పొగయే ఆయనను వారినుండి వేరుచేసెను.

ఢిల్లీలో జుమ్మామసీదు చెంత ఆయన పేర నొక ఉద్యానమును, అందు థామస్ బ్రాక్ మలచిన అశ్వారూఢ విగ్రహమును వెలసెను. స్వాతంత్ర్యానంతరము ఆ ఉద్యానమునకు నేతాజీ సుభాషుని పేరు పెట్టబడెను. విగ్రహము 1969లో కెనడా దేశమునకు తరలి, టొరంటో నగరమున క్వీన్స్ పార్కులో నిలిచియున్నది. అమెరికాలో ఆయన పేరు పెట్టుకొనిన చుట్ట యంత్రములతో తయారై, సామాన్యులకు అందు ధరకు అమ్ముడుపోయెను. కంచు విగ్రహము చోటు మారినది, సామ్రాజ్యము అంతరించినది. పని దొరకని కుమారుడొకడు ఊపిరాడుటకై వదులుచేసికొనిన కోటు మాత్రము దేశభేదము లేక మనుష్యులందరికిని సొంతమైనది. ఆ కోటు తొడుగువారిలో ఆయనను తలచువారు అరుదు. ఆయన విడిచిన ఆ యొక్క బొత్తాము మాత్రము ఇప్పటికిని విడిచియే యున్నది.